పన్నెండు లైన్లు

ఆ ఫొటో చూస్తేనే ఆమెకి ఒళ్లు మండుతుంది. ప్రతి మంగళవారం ముప్పై రెండో పేజీ ప్రూఫు బల్ల మీదికి వచ్చేసరికి, పైన కుడి మూల సీసామూతంత గుండ్రంలో ఆ రచయిత్రి నవ్వుతూ ఉంటుంది. చేతికర్ర మీద గడ్డం ఆనించి, కష్టాలన్నీ చుట్టాలే అన్నట్టు ఒక నవ్వు. పక్కన పెద్దక్షరాలతో ‘నొప్పీ నేనూ’ అని శీర్షిక. కీళ్లవాతంతో తను ఎలా బతుకుతోందో ఆరేళ్లుగా వారం వారం రాస్తోంది. పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తారు. సభలకి పిలుస్తారు. ఆస్పత్రుల్లో రోగుల తరఫున మాట్లాడాల్సి వస్తే ముందు ఆవిడనే వెతుక్కుంటూ వెళ్తారు.

ఇక్కడ బల్ల ముందు కూర్చున్నామె ఆ పత్రికలో ప్రూఫులు దిద్దుతుంది. ఆఫీసులో అందరికీ ఆమె ఎర్రపెన్నమ్మ. సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఒక క్షణం పలకదు. ఎడిటర్ రాసినదైనా సరే, తప్పు కనపడితే వదిలే ఘటం కాదు. ఆ పెన్నుకి గుడ్డపీలిక చుట్టి, పైన రబ్బరుబ్యాండు వేసి, బొటనవేలంత లావు చేసుకుంది. ఎందుకమ్మా అంటే బల్ల మీంచి దొర్లిపోతోంది అంటుంది. అసలు సంగతి అది కాదు. సన్నటి పెన్ను ఆమె వేళ్లకి చిక్కదు. ఫొటోలో నవ్వే ఆవిడకి ఉన్న జబ్బే ఈమెకీ ఉంది. ఈ ఉద్యోగంలో చేరిన ఏడే మొదలైంది, ఎనిమిదేళ్లయింది. ఆఫీసులో పురుగుకి కూడా తెలీదు.

తెలిస్తే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. అక్కడ అందరి ఉద్యోగాలూ ఏడాదికోసారి మేనేజరు సంతకం పెట్టే కాగితం మీద నడుస్తాయి. కిందటేడు కంపోజింగులో ఒకాయనకి చెయ్యి వణుకుతోందని మేనేజరు చెవిన పడింది. ఆ ఏడు ఆయన కాగితం రాలేదు. “పాపం, విశ్రాంతి అవసరం” అన్నాడు మేనేజరు, ఎంతో దయగా. ఈమె కాగితం వచ్చే సోమవారం రావాలి.

ఆ మంగళవారం ప్రూఫులో ఇలా ఉంది: ‘పొద్దున్నే నా వేళ్లు మొగ్గల్లా ముడుచుకుని ఉంటాయి. కాస్త ఎండ సోకగానే ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. ఈలోగా మావారు వేన్నీళ్ల గిన్నె తెచ్చి నా పక్కన పెడతారు.’

“మొగ్గలట!” అనుకుంది ఎర్రపెన్నమ్మ. ఎండ సోకితే విచ్చుకోవడానికి తన వేళ్లకి అంత తీరిక లేదు. ఎనిమిదిన్నర బస్సు అందుకోవాలంటే అయిదింటికల్లా లేచి వాటిని దారికి తెచ్చుకోవాలి. వేన్నీళ్లు తనే కాచుకుంటుంది. గిన్నె ఎత్తలేదు కాబట్టి పొయ్యి దగ్గరే నిలబడి, నీళ్లు ఓర్చుకునేంత చల్లారాక చేతులు ముంచుతుంది. జబ్బు ఒక్కటే. ఆవిడకి పేరు తెచ్చింది, ముందు వరసలో కుర్చీ తెచ్చింది, గిన్నె మోసే మొగుణ్ణి తెచ్చింది. తనకి ఒక పూట సెలవు కూడా తేలేదు.

కనీసం ఓ తప్పు దొరికితే ప్రాణం కాస్త చల్లబడేది. పైనుంచి కిందికి రెండుసార్లు వెతికింది. ఒక్క కామా కూడా పక్కకి జరగలేదు. ఆవిడ బాగా రాస్తుంది, అదీ అసలు బాధ. పేజీ అడుగున సంతకం పెట్టి పక్కన పడేసింది.

ఇంట్లోనూ ఈ గొడవ తప్పదు. భర్త సరుకులారీతో ఊళ్లు తిరుగుతుంటాడు, వారానికి రెండు రోజులు కనపడితే ఎక్కువ. మిగతా రోజులు అత్తాకోడళ్లే. పొద్దున్నే అత్తగారు కోడలి చొక్కాకి గుండీలు పెడుతుంది. డెబ్బై దాటినా ఆ వేళ్లు టకటకా కిందినుంచి పైకి పాకిపోతాయి. పెడుతున్నంతసేపూ ఆవిడ నోరు కూడా ఊరుకోదు.

“కిందటి వారం చదివావటే? ‘నొప్పి నా ఇంటికొచ్చిన చుట్టం, తిట్టి పంపలేను కదా’ అని రాసింది. ఎంత మాట! మహాతల్లి.”

“చదివాను అత్తయ్యా. ప్రూఫు నేనే దిద్దాను.”

“దిద్దడం వేరు, చదవడం వేరు. ఆవిడలాగా ఉండాలమ్మా. ఎప్పుడు చూడు నువ్వు మొహం మాడ్చుకుని ఉంటావు. ఆవిడకి మాత్రం నొప్పి లేదా? గడ్డం ఎత్తు, పై గుండీ.”

ఎర్రపెన్నమ్మ గడ్డం ఎత్తింది. అలా గడ్డం ఎత్తి నిలబడి, ఆరేళ్ల పిల్లలా గుండీలు పెట్టించుకుంటూ, ఇంకో రోగిని ఆదర్శంగా తీసుకోమని చెప్పించుకునే యోగం ఎంతమందికి పడుతుందో ఆమెకి తెలీదు.

పత్రిక అచ్చుకి వెళ్లేది బుధవారం సాయంత్రం. మంగళవారం దిద్దిన పేజీ ఆ బుధవారం మధ్యాహ్నానికి తలకిందులైంది. రచయిత్రి ఫోన్ చేసి, చివరి భాగం నచ్చలేదు, తీసెయ్యండి, కొత్తది పంపిస్తాను అంది. గంటలో ఆవిడ భర్త చేశాడు. ఆవిడకి ఒంట్లో బాగా లేదు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, అయినా సాయంత్రంలోగా ఎలాగోలా పంపిస్తానంటోంది, కాస్త ఆగండి అన్నాడు.

పేజీలు కూర్చే ఆయనకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఆఫీసులో అందరూ ఆయన్ని పేజీలాయన అంటారు. పాతికేళ్లుగా అదే పని, అదే కుర్చీ, అదే మతిమరుపు.

“చెల్లెమ్మా, పన్నెండు లైన్లు గ్యాపు వచ్చింది. నువ్వేదైనా కొట్టి పెట్టు, పేజీ ఎలా కూర్చుంటుందో చూసుకుంటాను. అసలుది రాగానే మార్చేద్దాం. నేను టీ తాగొస్తా, పొద్దున్నుంచీ గొంతు తడవలేదు.”

ఇది వాళ్లకి అలవాటైన పనే. గ్యాపు ఉన్నచోట ఉత్తుత్తి లైన్లు కొట్టి పెడతారు. వాటిని డమ్మీ అంటారు. పొరపాటున అచ్చుకి పోకుండా వాటికి ఎరుపు రంగు వెయ్యాలన్నది ఒక్కటే నియమం. ఆ నియమం పెట్టింది కూడా ఎర్రపెన్నమ్మే.

మామూలుగా అయితే ‘ఇక్కడ మ్యాటర్ వస్తుంది’ అని పన్నెండుసార్లు కొట్టి లేచేది. ఆ రోజు ఆయన కుర్చీలో కూర్చుని, తెర మీద నవ్వుతున్న ఫొటో వంక కొరకొరా చూసింది. పొద్దుటినుంచి కుడిచేతి మణికట్టు సలుపుతోంది. ఆస్పత్రికి వెళ్తే దగ్గరుండి తీసుకెళ్లేవాడు, ఆఫీసుకి ఫోన్ చేసి ‘కాస్త ఆగండి’ అని చెప్పేవాడు ఉన్నాడు ఆవిడకి. ఆవిడ కోసం ఓ పత్రిక మొత్తం ఆగుతుంది. తన కోసం బస్సు కూడా ఆగదు. రెండు చేతులూ ఎత్తి, ఒక్కో చేతి చూపుడువేలితో ఒక్కో అక్షరమే పొడుస్తూ మొదలుపెట్టింది.

‘జబ్బు మనిషిని మంచిదాన్ని చేస్తుందంటారు. నన్ను చెయ్యలేదు. కుళ్లుబోతుదాన్ని చేసింది. ఎదురింటావిడ బట్టలు పిండుతుంటే ఆ మణికట్టు తిరిగే తీరు చూసి కుళ్లుకుంటాను. బస్సులో పైకడ్డీని అలవోకగా పట్టుకున్న ముసలాయన్ని చూసి కుళ్లుకుంటాను. సీసా మూత తీసి ఇచ్చినవాళ్లకి పైకి థాంక్స్ చెప్తాను, లోపల తిట్టుకుంటాను. నాకన్నా ఎక్కువ నొప్పి ఉన్నవాళ్లని చూసినా నాకు జాలి రాదు. వాళ్ల మాట జనం వింటున్నారని కుళ్లు. నొప్పి ఏ మధ్యాహ్నానికో కాస్త తగ్గుతుంది. ఇది తగ్గదు. దీనికి మందు రాసే డాక్టరు ఇంతవరకు నాకు కనపడలేదు.’

సరిగ్గా పన్నెండు లైన్లు. చదువుకుంది. ఒకచోట కామా తీసేసింది. అయిదింటి బస్సుకి వేళవుతోందని లేచి, సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. ఎరుపు రంగు వెయ్యలేదు. మరిచిపోయిందా అంటే, ఎనిమిదేళ్లలో ఎప్పుడూ మరిచిపోలేదు. కావాలని చేసిందా అంటే, అంత తెగువ ఉన్న మనిషీ కాదు. ఆ సంగతి ఆమెకే సరిగా తెలీదు.

పేజీలాయన టీ తాగి, దారిలో ఎవరితోనో బాతాఖానీ కొట్టి అయిదున్నరకి వచ్చాడు. పేజీ నిండుగా ఉంది. అక్షరాలన్నీ నల్లగా ఉన్నాయి. రచయిత్రి పంపేసిందనుకున్నాడు. హమ్మయ్య అనుకుని అచ్చుకి పంపేశాడు.

శుక్రవారం పొద్దున కొత్త సంచికల కట్ట విప్పి ఎవరి బల్ల మీద వాళ్లకి వేస్తున్నారు. ఎర్రపెన్నమ్మ అలవాటుగా ముప్పై రెండో పేజీ తిప్పింది. ఆ నవ్వే ఫొటో కింద, ఆవిడ పేరు కింద, తన పన్నెండు లైన్లు. పేజీ మడిచి పట్టుకుని పేజీలాయన దగ్గరికి వెళ్లింది.

“అన్నయ్యా, ఇది డమ్మీ.”

“ఏది?”

“ఈ చివరి ముక్క. నేను కొట్టి పెట్టింది.”

ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. “అసలుది కాదా? నల్లగా ఉంటే...” అని ఆగి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “చెల్లెమ్మా, సోమవారం కాగితాలు. నోరెత్తకు. ఎవరైనా అడిగినప్పుడు చూసుకుందాం.”

పదకొండింటికి మొదటి ఫోన్ వచ్చింది. పన్నెండింటికల్లా ఎడిటర్ పైఅంతస్తులోని గదిలోంచి మెట్లు దిగి వచ్చాడు. ఆయన మెట్లు దిగి వచ్చాడంటే పెద్ద విశేషమే.

“ఆరేళ్లలో ఈ పేజీకి ఇన్ని ఫోన్లు రాలేదు! ఒకావిడ, రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించుకుంటుందట, ఫోన్లోనే ఏడ్చేసింది. ఇంకొకాయన, ‘ముప్పై ఏళ్లుగా ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదండీ’ అన్నాడు. రచయిత్రి అంటే అదీ! మనలో ఎవరైనా రాయగలమా అలాంటి మాట?”

ఎర్రపెన్నమ్మ తల వంచుకుని ఓ ప్రూఫు దిద్దుతూ కూర్చుంది. మొదట ఓ అరగంట మనసులో ఏదో గంతులేసింది. తన మాట విని ఎవరో ఏడ్చారు. ఎవరో ముప్పై ఏళ్ల మూట విప్పారు. తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా అవతలివాళ్లు ఎవరి పేరు చెబుతున్నారో వినపడసాగింది. ఆవిడ పేరే. మెప్పంతా ఆ ఫొటోకే పోతోంది. ఇన్నాళ్లూ ఆవిడ రాతలు చూసి కుళ్లుకుంది. ఇప్పుడు తన రాతే ఆవిడదైపోయి, తనమీద తనే కుళ్లుకునే గతి పట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని అదే పేజీ చదువుతోంది. చదవడం ఆపి కళ్లు తుడుచుకుంది.

“పాపం మహాతల్లి. అంత పేరున్న మనిషి నిజం ఎలా ఒప్పేసుకుందో చూడవే. ఇన్నాళ్లూ ఆవిడ దేవతలా కనపడేది. ఈ వారమే నాకు మనిషిలా కనపడింది.”

కోడలు భుజం మీది సంచీ కింద పెట్టింది. “అత్తయ్యా, నేను కూడా అలాగే కుళ్లుకుంటాను.”

“నువ్వా?” అత్తగారు కళ్లజోడు పైనుంచి చూసింది. “నీకేం ఖర్మే? నీ గుండీలు నేను పెడుతున్నాగా.”

ఎర్రపెన్నమ్మ లోపలికి వెళ్లి, రెండు అరచేతులతో కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో కాసేపు నిలబడింది.

సోమవారం పదింటికి మేనేజరు కాగితాల దొంతరతో కింది హాల్లోకి వచ్చాడు. బల్ల బల్లకీ ఆగి, ఒక్కో కాగితం తీసి, రెండు మంచిమాటలు చెప్పి సంతకం పెట్టిస్తున్నాడు. ఇంకా మూడు బల్లల అవతల ఉండగా వీధి తలుపు తెరుచుకుంది. ముందు చేతికర్ర కనపడింది, తర్వాత ఆవిడ. వెనక సంచీ పట్టుకుని భర్త. ఫొటోలో కన్నా సన్నగా ఉంది. మొహం వాచి ఉంది. మందుల వల్ల వచ్చే వాపు అది, ఎర్రపెన్నమ్మ ఇట్టే గుర్తుపట్టింది.

ఎడిటర్ దడదడా మెట్లు దిగి వచ్చాడు. “రండి రండి! పైకి రండి, నా గదిలో కూర్చుందాం.”

“ఆ మెట్లు నేను ఎక్కలేనండి” అంది రచయిత్రి. “ఆరేళ్లుగా మీ ఆఫీసుకి రాంది అందుకే.”

ఎడిటర్ మెట్ల వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఎవరో కుర్చీ జరిపారు. ఆవిడ కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, సంచీలోంచి పత్రిక తీయించింది.

“ఈ చివరి పన్నెండు లైన్లు ఎవరివి?”

“మీవేగా?”

“నేను పంపలేదు. ఆ సాయంత్రం నా చేతికి సూది గుచ్చి ఉంది.”

మేనేజరు చేతిలో కాగితాలతో దగ్గరికి వచ్చాడు. “పేజీ పంపింది ఎవరు?”

పేజీలాయన లేచి నిలబడ్డాడు. “నాదే పొరపాటు సార్. పాత ఫైల్లోంచి ఏదో... నేనే...” అంటూ నీళ్లు నమిలాడు. మేనేజరు దొంతరలోంచి ఒక కాగితం తీసి అడుగున పెట్టాడు.

“నేను పోట్లాటకి రాలేదు” అంది రచయిత్రి. “మూడు రోజులుగా నాకు ఫోన్లు. ఏడుస్తూ చేస్తున్నారు. నావి కాదని చెప్పబుద్ధి కాదు, నావేనని చెప్పడానికి నోరు రాదు. అసలు సంగతి చెప్పనా? నాకు కుళ్లుగా ఉంది. ఆరేళ్లు రాశాను. మొగ్గలని రాశాను, చుట్టమని రాశాను. ఈ ఒక్క మాట రాసే ధైర్యం చెయ్యలేకపోయాను. ఎవరో వచ్చి నా ఫొటో కింద రాసేసి పోయారు. ఆ మనిషి కనపడితే రెండు తిట్టి పోదామని వచ్చాను.”

ఎర్రపెన్నమ్మకి ఆ క్షణంలో కలిగినది సంతోషమే. దాచుకోవడం దేనికి, పచ్చి సంతోషం. ఆవిడ కుళ్లుకుంది. తనమీద. ఆ సంతోషంలోనే ఊరుకుంటే కాగితం వచ్చేది, సంతకం అయ్యేది, మరో ఏడాది గడిచేది. మేనేజరు ఇక రెండే బల్లల దూరంలో ఉన్నాడు. కానీ పేజీలాయన ఇంకా నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనకపోతే ఎలా కూర్చోవాలో తెలీనట్టు.

ఆమె లేచింది. ఇన్నాళ్లూ లేచేటప్పుడు ఎవరూ చూడకుండా ఏ కాగితమో వెతుకుతున్నట్టు నటించేది. ఇప్పుడు రెండు పిడికిళ్లూ బల్ల మీద ఆనించి, మోకాళ్లు ఒప్పుకునేదాకా ఆగి, అందరి ముందూ లేచింది.

“ఆయన కాదు. నేనే రాశాను.”

“నువ్వా?” అన్నాడు ఎడిటర్. “ఆ జబ్బు గురించి నీకేం తెలుసమ్మా?”

“ఎనిమిదేళ్ల నుంచీ తెలుసు సార్.”

మేనేజరు మొహంలోకి ఆ దయ వచ్చేసింది. “అయ్యో, ముందే చెప్పలేదేం? మీకు విశ్రాంతి అవసరం కదా.” మరో కాగితం దొంతర అడుగుకి వెళ్లింది.

రచయిత్రి చేతికర్ర చివరతో పక్క కుర్చీని తనవైపు లాగింది. “ఇలా వచ్చి కూర్చోండి.” ఎర్రపెన్నమ్మ వెళ్లి కూర్చుంది. రెండు జతల చేతులు పక్కపక్కన ఒళ్లో ఉన్నాయి. కణుపుల దగ్గర ఒకేలా ఉబ్బి, ఒకేవైపు వంగి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసి, గొంతు తగ్గించి అడిగింది. “జనం వింటున్నారని కుళ్లు అన్నారు. అది నా మీదేనా?”

“మీ మీదే.”

“ఎందుకు?”

“మీకు వేన్నీళ్లు తెచ్చిపెట్టేవాళ్లున్నారు.”

రచయిత్రి భర్త వైపు చూసింది. ఆయన సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని గోడ వంక చూశాడు. “ఈయనా? ఈయనకి పొయ్యి వెలిగించడమే రాదు. పత్రికలో అంత మంచివాణ్ణి చేస్తే, చదివి సిగ్గుపడి ఒక్కరోజైనా తెస్తాడేమోనని ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాను.”

ఎర్రపెన్నమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. ఆవిడా నవ్వింది. నవ్వితే పక్కటెముకలు కలుక్కుమంటాయి, ఇద్దరికీ. పక్కలు పట్టుకుని నవ్వారు. అంత నవ్వులోనూ, ఆవిడ నవ్వు తన నవ్వు కన్నా బాగుందని ఓ మూల కుళ్లు పొడిచింది. అది ఎక్కడికి పోతుంది?

“విను” అంది రచయిత్రి, నువ్వులోకి దిగిపోయి. “సవరణ వేయించు. పేరుతో సహా. ఒకసారి అచ్చయ్యాక నిన్ను కదపాలంటే వీళ్లు నాకు, ఏడ్చినవాళ్లందరికీ జవాబు చెప్పుకోవాలి. పేరు లేకపోతే నిశ్శబ్దంగా విశ్రాంతి ఇచ్చేస్తారు. కానీ ఒకటి. పేరు పడితే అందరికీ తెలిసిపోతుంది. రేపు ఇంకో ఆఫీసుకి వెళ్లినా నీకన్నా ముందు నీ జబ్బే వెళ్లి కూర్చుంటుంది. నేను చెప్పానని చెయ్యకు.”

ఎడిటర్ గొంతు సవరించుకున్నాడు. “సవరణకి పేర్లెందుకండీ? ‘సాంకేతిక పొరపాటు’ అని రెండు లైన్లు వేద్దాం. ఏమ్మా, రాసివ్వు.”

సవరణలు రాసేది ఎప్పుడూ ఎర్రపెన్నమ్మే. ఎవరి తప్పు ఎవరి మీద పడకుండా రాయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. బల్ల దగ్గరికి వెళ్లి తెల్లకాగితం ముందుకి లాక్కుంది. రాయడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో అక్షరం దగ్గరా వేలు మొరాయించింది. మధ్యలో ఆగి చెయ్యి విదిలించుకుంది, అందరూ చూస్తుండగానే. తన పేరు రాయాల్సిన చోట కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఇంటిపేరుతో సహా రాసింది. తర్వాత కాగితం ఎడిటర్ చేతికిచ్చింది.

ఆయన పైకే చదివాడు. “‘గత సంచిక ముప్పై రెండో పేజీలో చివరి పన్నెండు లైన్లు ఆ రచయిత్రివి కావు. వాటిని రాసింది ఈ పత్రికలో ప్రూఫులు దిద్దే...’” ఆయన ఆమె పేరు చదివాడు. ఎనిమిదేళ్లలో ఆ హాల్లో ఆ పేరు పూర్తిగా వినపడడం అదే మొదలు. “‘ఆమెకీ అదే జబ్బు ఉంది. ఆమె ఇక్కడే పనిచేస్తోంది.’”

కాగితం వెనక్కి తిప్పి చూశాడు. ఇంకేమీ లేదు.

“చివర ‘పొరపాటుకి చింతిస్తున్నాం’ అని ఉండాలి కదమ్మా. ఎప్పుడూ వేస్తాంగా.”

“ఎవరు చింతిస్తున్నారో చెప్పండి సార్” అంది ఆమె. “వాళ్ల పేరు కూడా వేద్దాం.”

ఎడిటర్ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు చేతిలోని కాగితాల వైపు చూసుకున్నాడు. ఎవరూ ఏ పేరూ చెప్పలేదు.